ఫ్యామిలీ డేలో మొహమాటం పోగొట్టే ఆటలు, అందరూ ఆడగలిగే క్విజ్



డిసెంబర్ వచ్చిందంటే పిల్లల డైరీల్లో హోంవర్క్ సంతకాలతో పాటు ఇంకో రకం నోట్ కూడా కనిపిస్తుంటుంది. "మా కంపెనీలో ఫ్యామిలీ డే ఉంది టీచర్, క్విజ్ పెట్టే పని నాకు అప్పజెప్పారు, మీ దగ్గర మంచి జీకే ప్రశ్నలుంటే పంపండి" అని. ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుంచి, సంగారెడ్డి నుంచి, హైవే పొడవునా ఉన్న కాలనీల నుంచి మన స్కూల్‌కు పిల్లల్ని పంపే మీలో చాలామంది పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వైపు కంపెనీల్లో పనిచేసేవాళ్లే. కొత్త సంవత్సరానికి, సంక్రాంతికి మధ్య ఈ గెట్-టుగెదర్లన్నీ వరసగా వస్తాయి. అందుకే ఒక్కొక్కరి డైరీలో నాలుగు ప్రశ్నలు రాసి పంపే బదులు అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

జీకే ప్రశ్నలు దొరకడం కష్టమేమీ కాదు. ఫోన్‌లో వెతికితే క్షణంలో వంద వస్తాయి. ఆ వంద ప్రశ్నలూ హాల్లో మైకు పట్టుకుని చదివితే ఏమవుతుందో మీరు చూసే ఉంటారు. ముందు వరుసలో కూర్చున్న నలుగురు ఇంగ్లీషులో జవాబులు చెప్తారు. వెనక కుర్చీల్లో ఉన్న మెషిన్ ఆపరేటర్, పక్కన అతని భార్య, ఇంకో మూల లోడింగ్‌లో పనిచేసే అన్న, వీళ్లంతా చప్పట్లు కొట్టి, బిర్యానీ తిని, ఇంటికి వెళ్లిపోతారు. పేరుకి అది టీమ్ బిల్డింగ్. సోమవారం షిఫ్ట్‌కి వచ్చేసరికి ఎవరికి ఎవరూ కొత్తగా తెలిసి ఉండరు. కాబట్టి నేను రాసేదంతా ఆ వెనక కుర్చీల్లో ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకునే.

ముందు పేర్లు

ఇంగ్లీషులో వీటిని ఐస్‌బ్రేకర్స్ అంటారు. చలిదేశాల మాట అది. కోహీర్‌లో చలి ఎంత పడినా మన దగ్గర పగలగొట్టేంత మంచు లేదు. మన దగ్గర ఉన్నది మొహమాటం. అది ముఖ్యంగా పేరు దగ్గర మొదలవుతుంది. పక్క మెషిన్ మీద ఆరు నెలలుగా పనిచేస్తున్న మనిషిని 'భయ్యా' అని పిలుస్తాం. అతను మనల్ని 'అన్నా' అంటాడు. పని సాగిపోతుంది. ఆరు నెలలు గడిచాక ఇప్పుడు పేరు అడిగితే బాగుండదేమో అనిపిస్తుంది. అడగం.

ఇది చిన్న విషయమని నేను అనుకోను. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడు మన పిల్లలకు కూడా తెలుసు. ఆ తర్వాత చాలా రోజులు గల్లంతైన వాళ్ల కోసం వెతుకులాట సాగింది, చనిపోయినవాళ్లను గుర్తించడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. వాళ్లలో ఎంతోమంది బీహార్ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు. ఆటలతో ప్రమాదాలు ఆగుతాయని నేను చెప్పడం లేదు. అవి ఆపాల్సినవాళ్లు వేరే ఉన్నారు. కానీ అలారం మోగి అందరూ గేటు బయటికి వచ్చి నిలబడినప్పుడు "మన లైన్‌లో ఇంకెవరు లోపల ఉన్నారు?" అని ఎవరైనా అడిగితే, 'ఆ భయ్యా' అనడానికీ, పేరు పెట్టి చెప్పడానికీ చాలా తేడా ఉంది.

అందుకని మొదటి పది నిమిషాలు పేర్లకే ఇవ్వండి. ఛాతీ మీద స్టిక్కర్ అంటించి పెద్ద అక్షరాలతో పేరు రాయడం పాత పద్ధతే కానీ పనిచేస్తుంది. తెలుగులో, హిందీలో, ఎవరికి ఏది చదవడం వస్తే అందులో రాయించండి. డిజిగ్నేషన్ మాత్రం వద్దు. 'సీనియర్ మేనేజర్' అని రాసి ఉన్న ఛాతీ ముందు ఎవరి మొహమాటమూ పోదు. ఇంట్లోవాళ్ల స్టిక్కర్ మీద కూడా వాళ్ల పేరే ఉండాలి. 'ఫలానా గారి మిసెస్' అని రాస్తే ఆమె సాయంత్రమంతా ఆ మాట వెనకే ఉండిపోతుంది.

ఏ ఆటలు వద్దు, ఏవి పనిచేస్తాయి

హెచ్‌ఆర్ వాళ్లు ఇంటర్నెట్ నుంచి తెచ్చే ఆటల్లో బాగా తిరిగేది ఒకటుంది. మీ గురించి రెండు నిజాలు, ఒక అబద్ధం చెప్పాలి, ఏది అబద్ధమో మిగతావాళ్లు కనిపెట్టాలి. ఒకరికొకరు ముందే తెలిసిన ఆఫీసు స్నేహితుల మధ్య అది సరదాగానే ఉంటుంది. మూడొందల మంది ఉన్న ఫంక్షన్ హాల్లో, మైకులో, పై అధికారి ఎదురుగా, పరాయి భాషలో తన గురించి తాను అబద్ధం చెప్పమంటే ఎవరు ముందుకొస్తారు? ఎవరినైనా ఒక్కరినే లేపి నిలబెట్టే ఆట ఏదైనా అంతే. క్లాసులో కూడా కొత్త పిల్లాడిని మొదటి రోజే బోర్డు దగ్గర నిలబెట్టి 'నీ గురించి చెప్పు' అంటే వాడు నేల చూపులు చూస్తాడు. అదే పక్కవాడితో జట్టు కట్టి ఒక బొమ్మ గీయమంటే రెండు నిమిషాల్లో ఇద్దరూ మాట్లాడుకుంటుంటారు. బీఈడీలో మాకు మైక్రోటీచింగ్‌లో సెట్ ఇండక్షన్ అని ఒక నైపుణ్యం నేర్పిస్తారు. పాఠం మొదలుపెట్టే ముందు, పిల్లలకు ముందే తెలిసిన విషయం నుంచి ఎత్తుకోవడం. పెద్దవాళ్ల ఆటలకూ అదే సూత్రం పనికొస్తుంది. అందరికీ తెలిసిన దాంతో మొదలుపెట్టాలి.

ఈ సీజన్‌లో అందరికీ తెలిసింది సంక్రాంతి వంట. "సంక్రాంతికి మీ ఇంట్లో ఏం చేస్తారు?" అని అడిగి, ఒకే జవాబు ఉన్నవాళ్లందరినీ హాల్లో ఒక మూలకి చేరమనండి. సకినాల మూల నిండిపోతుంది. అరిసెల మూలకి గుంటూరు, గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు వెళ్తారు. బీదర్ వైపు వాళ్లు ఎళ్ళు-బెల్ల అంటారు, మహారాష్ట్ర వాళ్లు తిళ్‌గుళ్ అంటారు. బీహార్ వాళ్లది దహీ-చూడా, అంటే పెరుగూ అటుకులూ, దాంతో పాటు తిల్‌కుట్. ఉత్తరప్రదేశ్‌లో చాలాచోట్ల ఆ పండుగ పేరే ఖిచిడీ. ఒడిశా వాళ్లు కొత్త బియ్యంలో బెల్లం, కొబ్బరి, అరటిపండు, పాలు కలిపి మకర చావుళ చేస్తారు, దాన్ని పొయ్యి మీద పెట్టరు. ఇవన్నీ ఎవరూ మైకులో చెప్పక్కర్లేదు. ఒక మూలలో ఉన్నవాళ్లు పక్క మూల వాళ్లకి ఎలా చేస్తారో చెప్తే చాలు. "వీటిలో ఎన్నింటిలో నువ్వులు పడతాయి?" అని ఒక ప్రశ్న వేసి వదిలేయండి. లెక్కపెట్టడానికైనా ఒకరినొకరు అడగాల్సి వస్తుంది.

రెండోది మనుషుల తంబోలా. తంబోలా మన ఫ్యామిలీ డేల్లో ఎప్పుడూ ఉండేదే. చదువుతో, భాషతో పనిలేని ఆట కాబట్టి అది నాకూ ఇష్టం. కానీ అందులో అందరూ తల దించుకుని సొంత టికెట్ చూసుకుంటారు, పక్కవాళ్లతో మాట కలవదు. దాన్ని కొంచెం మార్చాలి. టికెట్‌లో అంకెల బదులు మనుషులు ఉంటారు. 'మూడు భాషలు మాట్లాడగలిగినవారు', 'తెల్లవారుజామున నాలుగింటికే లేచేవారు', 'మంజీరలో మొసలిని కళ్లారా చూసినవారు', 'గాలిపటానికి మాంజా స్వయంగా కట్టినవారు', 'రాత్రి షిఫ్ట్ తర్వాత కూడా పిల్లల్ని స్కూల్‌లో దింపేవారు'. అలాంటి మనిషిని హాల్లో వెతికి, పేరు అడిగి, గడిలో రాసుకోవాలి. ఒకరి పేరు ఒక్కసారే వాడాలి. తొమ్మిది గడులు చాలు. పాతికైతే విసుగొస్తుంది.

గడుల్లో ఏం రాయకూడదో కూడా చెప్పాలి. ఇంటిపేరు మీద ప్రశ్న వద్దు, మన దగ్గర ఇంటిపేరు అడిగితే కులం అడిగినట్టే. 'సొంత ఇల్లు ఉన్నవారు', 'కారు ఉన్నవారు' వద్దు. 'పెళ్లై పదేళ్లైనవారు', 'ఇద్దరు పిల్లలున్నవారు' పైకి మామూలుగానే కనిపిస్తాయి, కానీ వాటి వల్ల బాధపడేవాళ్లు హాల్లో ఒక్కరైనా ఉంటారు. కాంట్రాక్ట్ ఉద్యోగా, పర్మినెంటా అన్నది అసలే రాకూడదు. ఆ తేడా ఏడాదంతా ఐడీ కార్డు మీద ఉంటూనే ఉంది, ఆ ఒక్క సాయంత్రం దాన్ని పక్కన పెట్టొచ్చు.

టీమ్‌లో ఎంతమంది?

క్విజ్‌కి టీమ్‌లు చేసేటప్పుడు డిపార్ట్‌మెంట్ వారీగా చేస్తే సులువే. కానీ అప్పుడు క్వాలిటీ వాళ్లు క్వాలిటీ వాళ్లతోనే కూర్చుంటారు, మెయింటెనెన్స్ వాళ్లు మెయింటెనెన్స్ వాళ్లతోనే. చీటీలు వేయండి. గిన్నెలో రంగు కాగితాలు వేసి, ఏ రంగు వస్తే ఆ టీమ్ అనండి. భార్యాభర్తలు వేర్వేరు టీమ్‌ల్లో పడితే పడనివ్వండి, ఆట ఇంకా రక్తి కడుతుంది.

ఒక్కో టీమ్‌లో నలుగురైదుగురు మించకూడదు. దీనికి పాత ఆధారం ఒకటుంది. మాక్స్ రింగెల్‌మాన్ అనే ఫ్రాన్స్ వ్యవసాయ ఇంజినీర్ మనుషులు ఒంటరిగా, గుంపుగా బరువు లాగినప్పుడు ఎంత బలం పెడతారో కొలిచి, 1913లో ఫలితాలు ప్రచురించాడు. ఒక్కడే లాగితే పెట్టే బలాన్ని 100 అనుకుంటే, ఇద్దరు కలిసినప్పుడు ఒక్కొక్కరిది 93 అయింది. నలుగురైతే 77. ఎనిమిది మందయ్యేసరికి 49, అంటే సగం కూడా లేదు. కొంత ఒకరి లయ ఇంకొకరికి కుదరక, కొంత 'మిగతావాళ్లు లాగుతున్నారులే' అనుకోవడం వల్ల. పన్నెండు మంది ఉన్న క్విజ్ టీమ్‌లోనూ ఇదే జరుగుతుంది. ఇద్దరు ఆడతారు, పదిమంది చూస్తారు. మూడొందల మంది ఉంటే అరవై టీమ్‌లా అని భయపడకండి. జవాబులు కాగితం మీద రాయించి, చివర్లో లెక్కపెడితే సరిపోతుంది. బజర్ అక్కర్లేదు. పైగా బజర్ ఉంటే వేగంగా చెయ్యెత్తేవాళ్లదే రాజ్యం.

పెద్ద సార్లను ఏం చేయాలన్నది ప్రతి క్విజ్‌మాస్టర్‌కీ వచ్చే సమస్య. ప్లాంట్ హెడ్ ఉన్న టీమ్‌లో ఆయన చెప్పిందే జవాబు, తప్పైనా ఎవరూ కాదనరు. ఆయన్ని మార్కులు లెక్కపెట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. లేదా టీ అందించే పని ఇవ్వండి. ఒప్పుకుంటారా అని సందేహం వద్దు, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. అడగడానికే మనకి మొహమాటం.

క్విజ్ ఎలా అడగాలి

మన దేశంలో నలుగురి ముందు ఆడే క్విజ్‌కి పునాది 1967లో కలకత్తాలో నీల్ ఒబ్రయన్ నిర్వహించిన పోటీతో పడిందని చెప్తారు. 1972 నుంచి రేడియోలో వచ్చిన బోర్న్‌విటా క్విజ్ స్కూళ్లలోకి ఆ ఆటను తెచ్చింది. అదంతా ఇంగ్లీషు, పుస్తకాలు, పోటీ. 2000లో కౌన్ బనేగా కరోడ్‌పతి మొదలై, మన తెలుగులో 2014లో నాగార్జునతో మీలో ఎవరు కోటీశ్వరుడు వచ్చాక క్విజ్ ఇంటింటి ఆట అయింది. ఎందుకో గమనించారా? ప్రశ్న మన భాషలో ఉంది. నాలుగు ఆప్షన్లున్నాయి, కాబట్టి జవాబు తెలియనివాళ్లూ ఏదో ఒకటి ఊహించి 'నేను బి అనుకున్నా' అనగలిగారు. ఊహించడానికి చోటుంటేనే మాటలు పుడతాయి. మన పొడుపు కథల్లో ఉన్నదీ అదే కదా. పొడుపు కథ విప్పడానికి చదువుతో పనిలేదు, నాయనమ్మే ఎప్పుడూ గెలిచేది.

కాబట్టి ప్రతి ప్రశ్నకీ ఆప్షన్లైనా ఉండాలి, ఆలోచిస్తే దొరికే ఆనవాలైనా ఉండాలి. 'ఫలానా దేశ రాజధాని ఏది?' అన్న ప్రశ్నకి తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు, టీమ్‌లో చర్చించుకోవడానికి ఏమీ లేదు. తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి చదవండి. ఇంగ్లీషు మూడోది, అది కూడా అవసరమైతేనే. ఇంగ్లీషు మీడియం టీచర్ ఈ మాట అంటోందేమిటని అనుకోకండి, ఇంగ్లీషు నేర్పడానికి క్లాస్‌రూమ్ ఉంది.

ప్రశ్న చదివాక ఆగండి. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో క్లాసులను గమనించి, టీచర్లు ప్రశ్న అడిగాక సుమారు ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేల్చారు. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడారు. మూడు సెకన్లు చెప్పడానికి చిన్నదే. మైకు చేతిలో ఉన్నప్పుడు మాత్రం యుగంలా ఉంటుంది. కాగితం మీద రాసే క్విజ్‌కైతే నిమిషం ఇవ్వండి, ఆ నిమిషంలో డీజేని పాట ఆపమనండి.

నెగటివ్ మార్కులు వద్దు. మన పిల్లలకి ముందు ముందు అవి ఎలాగూ తప్పవు.

ఆరు గిన్నెల రౌండ్

నన్నడిగితే మొత్తం క్విజ్‌లో ఈ ఒక్క రౌండ్ పెట్టినా చాలు. ఖర్చు రెండొందలు దాటదు. ఆరు గిన్నెల్లో జొన్నలు, సజ్జలు, రాగులు, శనగలు, కందులు, పల్లీలు పెట్టండి. శనగలు, కందులు పప్పుగా కాదు, పొట్టుతో. గిన్నెల మీద పేర్లు ఉండవు, అంకెలే ఉంటాయి. టీమ్‌లు వరసగా వచ్చి, చేత్తో పట్టుకుని చూసి, పేర్లు రాయాలి. ఆ తర్వాత అసలు ప్రశ్న: "ఈ ఆరింటికీ పటాన్‌చెరుకీ సంబంధం ఏమిటి?"

జవాబు హైవే పక్కనే ఉంది. 1972లో పటాన్‌చెరులో మొదలైన ఇక్రిశాట్ అంతర్జాతీయ పరిశోధన సంస్థ పనిచేసే ఆరు పంటలు ఇవే. వాటి విత్తన రకాలను లక్షకు పైగా అక్కడి జీన్ బ్యాంక్‌లో చల్లగా భద్రపరిచారు. రోజూ ఆ గేటు ముందు నుంచి కంపెనీ బస్సులో వెళ్లేవాళ్లలో ఎంతమందికి లోపల ఏముందో తెలుసో ఈ రౌండ్‌లో తేలుతుంది.

ఇంకో నియమం కలపండి. ఏ గింజకైనా ఇంకో భాషలో పేరు చెప్తే ఒక్కో పేరుకి ఒక మార్కు అదనం. అప్పుడు చూడండి. సజ్జలని బాజ్రా అని అందరూ అంటారు. కందుల్ని అర్‌హర్ అని ఉత్తరప్రదేశ్ భయ్యా చెప్తాడు, హరడ అని ఒడిశా అతను అంటాడు. రాగుల్ని బీహార్‌లో మడువా అంటారు, ఒడిశాలో మండియా. కర్ణాటక సరిహద్దు నుంచి వచ్చిన ఆవిడ జొన్నని జోళ అని గుర్తు చేస్తుంది. సాయంత్రమంతా మాట్లాడని మనిషి టీమ్‌కి నాలుగు మార్కులు తెచ్చిపెడతాడు. సజ్జలకీ జొన్నలకీ తేడా ముందుగా చెప్పేది చాలాసార్లు ఇంట్లో వంట చేసే అమ్మ, లేదా పొలం పని వదిలి ఫ్యాక్టరీకి వచ్చిన నాన్న. వాళ్లని చూస్తూ పిల్లలు పక్కనే ఉంటారు.

మన చుట్టూ ఉన్న ప్రశ్నలు

మిగతా రౌండ్లకు కొన్ని ప్రశ్నలు ఇస్తున్నాను. అన్నీ మన జిల్లావే. బయటి నుంచి వచ్చినవాళ్లకు ఇవి అన్యాయం కాదా అని మీరు అడగొచ్చు. ఆప్షన్లు ఉంటే కాదు. పైగా వీటిలో చాలావాటికి ఇక్కడే పుట్టినవాళ్లు కూడా తప్పు జవాబే చెప్తారు.

మనందరం ముంబై హైవే అని పిలిచే ఎన్‌హెచ్ 65 మీద హైదరాబాద్ వైపు తిరిగి, ఎక్కడా దారి మార్చకుండా చివరిదాకా వెళ్తే ఏ ఊరు చేరతాం? మచిలీపట్నం. ఆ రోడ్డు మొదలయ్యేది కూడా ముంబైలో కాదు, పుణెలో.

2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు ఏర్పడక ముందు మెదక్ జిల్లాకు హెడ్‌క్వార్టర్స్ ఏది? చాలామంది మెదక్ అని రాస్తారు. సంగారెడ్డి. దీనికి జతగా ఇంకోటి అడగొచ్చు: 1980లో మెదక్ లోక్‌సభ స్థానం నుంచి గెలిచిన ప్రధానమంత్రి ఎవరు? ఇందిరా గాంధీ. ఈ ప్రశ్న పెద్దవాళ్లకి వదిలేయండి, ఆనాటి సభల గురించి కథలు మొదలైతే ఆపకండి.

పప్పులోనూ ఉంది, ఐఐటీ అడ్రసులోనూ ఉంది, ఏమిటది? కంది. ఐఐటీ హైదరాబాద్ ఉన్న ఊరి పేరు అదే. దీని వెనక ఇంకో ప్రశ్న ఉంది. 2008లో ఆ ఐఐటీ మొదటి క్లాసులు ఎక్కడ జరిగాయి? ఎద్దుమైలారంలో, యుద్ధ వాహనాలు తయారుచేసే ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఎస్టేట్‌లో. 2015లో కంది క్యాంపస్‌కి మారింది. ఆ ఫ్యాక్టరీలో పనిచేసే తల్లిదండ్రులు హాల్లో ఉంటే మిగతా కథ వాళ్లే చెప్తారు.

మంజీర చివరికి ఏ నదిలో కలుస్తుంది? కృష్ణ, మూసీ, గోదావరి అని ఆప్షన్లు ఇవ్వండి. మహారాష్ట్రలో పుట్టి మన వైపు వచ్చి, ఇక్కడి నుంచి ఉత్తరానికి తిరిగి గోదావరిలో కలుస్తుంది. నది ఉత్తరానికి వెళ్లడమేమిటని వాదించేవాళ్లు తప్పకుండా ఉంటారు, మ్యాప్ దగ్గర పెట్టుకోండి.

నేరం చేయకుండా, 500 రూపాయలు కట్టి ఒక రోజు జైల్లో గడిపే అవకాశం 2016లో ఎక్కడ మొదలైంది? సంగారెడ్డి పాత జైల్లో. 1796లో కట్టిన ఆ జైలును మ్యూజియంగా మార్చారు. పిల్లలకి ఈ ప్రశ్న బాగా నచ్చుతుంది, ఎవరి నాన్నని పంపాలో వెంటనే చర్చ మొదలవుతుంది.

2008లో జహీరాబాద్ దగ్గర మాచునూర్‌లో దళిత మహిళలు నడిపే ఒకటి మొదలైంది. అది బ్యాంకా, రేడియోనా, బడా? రేడియో. సంఘం రేడియో.

ఇక ఇస్మాయిల్‌ఖాన్‌పేట గురించి ఒకటి. ఇస్మాయిల్ ఖాన్ పేరు మోస్తున్న ఈ ఊరికి భక్తులు ఏ గుడి కోసం వస్తారు? దుర్గా భవాని గుడి. ఊళ్లోవాళ్లకి ఇది ప్రశ్నే కాదు. కొత్తగా వచ్చినవాళ్లు మాత్రం పేరుకీ గుడికీ మధ్య కాసేపు తికమకపడతారు.

పిల్లలకు ఏ పని ఇవ్వాలి

ఫ్యామిలీ డేకి పిల్లలూ వస్తారు కాబట్టి చెప్తున్నాను. ఐదో తరగతి దాటిన పిల్లల్ని టీమ్‌కి ఒకరు చొప్పున రాయసకారులుగా పెట్టండి. పెద్దవాళ్లు చెప్పింది వాళ్లు కాగితం మీద రాస్తారు. రాయడం రానివాళ్లు, కళ్లజోడు మర్చిపోయినవాళ్లు, తెలుగు మాత్రమే రాసేవాళ్లు, హిందీ మాత్రమే రాసేవాళ్లు, ఎవరూ ఇబ్బంది పడక్కర్లేదు. పిల్లాడి పని వినడం, అర్థం కాకపోతే మళ్లీ అడగడం, రాయడం. తన సొంత జవాబు కలపకూడదన్నది ఒక్కటే నియమం. నమ్మండి, అది వాళ్లకి చాలా కష్టం.

స్టేజీ మీదకి ఎక్కించి ఇంగ్లీషులో రైమ్ చెప్పించే కార్యక్రమం మాత్రం దయచేసి పెట్టకండి. 'మీ బాబు ఏ స్కూల్, ఎంత బాగా మాట్లాడుతున్నాడో' అన్న మాట వింటే స్కూల్ వాళ్లుగా మాకు సంతోషమే. కానీ ఆ హాల్లో వేరే స్కూళ్ల పిల్లలూ ఉంటారు, బడికే వెళ్లడం లేని పిల్లలు కూడా ఉండొచ్చు. పైగా అలా మాట్లాడుతున్నప్పుడు మీ అబ్బాయి చూసేది మీ ముఖం వైపే, మీరు ఎవరి వైపు చూస్తున్నారా అని.

టైమ్ గురించి

మొత్తం ఆటలకు గంటన్నర మించవద్దు. పేర్లకి పది నిమిషాలు, సంక్రాంతి మూలలకి ఇరవై, తంబోలాకి ఇరవై, క్విజ్‌కి నలభై. ఇరవై ప్రశ్నలు చాలు, ఆరు గిన్నెల రౌండ్ కాకుండా. భోజనానికి ముందే ముగించండి, బిర్యానీ వాసన వచ్చాక క్విజ్‌మాస్టర్ మాట ఎవరూ వినరు. రాత్రి షిఫ్ట్ దిగి వచ్చినవాళ్లు నిద్ర లేకుండా ఉంటారు, అదే రోజు రాత్రి షిఫ్ట్ ఎక్కాల్సినవాళ్లు తొందరగా వెళ్లాలి. ఈ ఇద్దరినీ అడిగి టైమ్ పెట్టండి, మిగతావాళ్లు ఎలాగూ సర్దుకుంటారు. గెలిచిన టీమ్‌కి ఒకే పెద్ద బహుమతి కాకుండా, ఐదుగురు పంచుకోగలిగేది ఇవ్వండి. సకినాల డబ్బా అయితే అక్కడే మూత తీస్తారు.

హిందీలో రాసిన ప్రశ్నలు, ఆప్షన్లతో కావాలంటే పిల్లల డైరీలో రాసి పంపండి. ఎంతమంది వస్తున్నారు, ఏ ఏ రాష్ట్రాల వాళ్లున్నారు అన్నది కూడా రాస్తే వాళ్ల వైపు ప్రశ్నలు రెండు మూడు కలిపి, జనవరి మొదటి వారంలోపు పంపిస్తాను. తంబోలా టికెట్ నమూనా స్కూల్ ఆఫీసులో ఉంటుంది, జిరాక్స్ తీసుకోవచ్చు.